ప్రొఫెసర్‌గారి కంట్రోలర్

"కంట్రోలర్ పట్టుకునే తీరు చూసి మనిషిని అంచనా వేసేయొచ్చు," అంటాడు నాగసతీష్. అతన్ని అంచనా వేయడానికి మాత్రం అంత దూరం వెళ్ళక్కర్లేదు. నోరు విప్పితే చాలు.

వీడియోగేమ్ మెషీన్ల మంచిచెడ్డలు చెప్పే యూట్యూబ్ ఛానల్ అతనిది. పేరు 'కంట్రోలర్ ప్రొఫెసర్'. ఆ బిరుదు ఎవరూ ఇవ్వలేదు, తనే పెట్టుకున్నాడు. ఇప్పుడు దానికే గండం వచ్చింది.

పోయిన నెల కాకినాడ బెంజమిన్ అనే మరో ఛానలాయనతో లైవులో కార్ల రేసు ఆడి చిత్తుగా ఓడిపోయాడు. తప్పు నాది కాదు, పాత కంట్రోలర్‌దన్నాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టుందని జనం నవ్వారు. రోషం వచ్చి, కొత్త తరం మెషీన్ మీద మళ్ళీ ఆడతానని, ఈసారీ ఓడితే 'ప్రొఫెసర్' అన్న మాట తన చేత్తోనే చెరిపేస్తానని లైవులో అనేశాడు.

తీరా చూస్తే ఆ మెషీన్ ఎక్కడా దొరకలేదు. రాజోలులో ఉన్న మామగారు రాజబాబుగారికి దొరికింది. అల్లుడు మనసుపడ్డాడని కూతురు రమణి చెప్పగానే ఎవరెవరినో పట్టుకుని తెప్పించారు. కొన్నాళ్ళు ఇంట్లో వాడి చూశాకే అల్లుణ్ణి పిలిచారు. పులుసైనా, పరుపైనా ముందు తాము చూడందే అల్లుడికి పెట్టరు ఆ ఇంట్లో.

హాల్లో పెద్ద టీవీ ముందు నాగసతీష్ కూర్చున్నాడు. రమణి ఫోన్ని స్టాండుకు తగిలించి లైవు మొదలుపెట్టింది. మామగారు పక్కనే కుర్చీ అంచున కూర్చున్నారు. వెనక వంటింటి గుమ్మానికి తెర వేలాడుతోంది. దాని చాటున అత్తగారు భవానీదేవి. అల్లుడి ఎదుట పడకూడదన్న పట్టింపు ఆవిడది. కాలం మారిందే అమ్మా అని రమణి ఎంత పోరినా ఆవిడ ఆ తెర దాటలేదు.

"పూర్వం కంట్రోలరంటే ఇటుక ముక్కేనండి మావయ్యగారూ. మూలలు అరచేతిలో గుచ్చుకునేవి. తర్వాత తరానికి కొమ్ములు మొలిచేయి. ఆ తర్వాత బొటనవేళ్ళకి పుల్లలొచ్చేయి. ఇది చూడండి, చేతిలో ఉన్నట్టే లేదు!"

"ఆయ్, మరేనండి," అన్నారు మామగారు.

పైకి ఎంత మాట్లాడినా నాగసతీష్‌కి లోపల భయంగానే ఉంది. బిరుదు పోతే పోయింది, అత్తారింట్లో పోవడమేమిటి?

రేసు మొదలైంది. మొదటి మలుపులోనే అతని ఎర్రకారు బెంజమిన్ నీలంకారును దాటేసింది. నాగసతీష్‌కే ఆశ్చర్యం వేసింది.

"ఫ్రెండ్స్, చూశారా! తిప్పుదామని నేను అనుకునేలోపే తిరిగిపోయింది. ఇది చేతి మాట కాదు, మనసు మాట వింటోంది!"

తర్వాతి మలుపులో కంగారుపడి ఎడమకు తిప్పాడు. కారు కుడికి వెళ్ళింది. రోడ్డు కూడా కుడికే ఉంది.

"పొరపాట్లు కూడా అదే దిద్దేసుకుంటోందండి!"

"ఆయ్! ఎంత మర్యాదైన వస్తువండీ," అన్నారు మామగారు.

కారు గోడను రాసుకుపోయింది. చేతిలో చిన్న అదురు కూడా లేదు. "పాతవైతే పిండిమరలా వణికిపోయేవి. దీని వణుకు ఎంత సున్నితమంటే, అసలు తెలియనే తెలియదు. డిజైనంటే ఇదీ!"

అంతలో వంటింట్లోంచి మాడు వాసన వచ్చింది. భవానీదేవి చేతిలో బూరె మాడిందన్న మాట ఆ వీధిలో ఎవరూ విని ఎరగరు.

"ఏదో మాడుతున్నట్టుందండీ," అన్నాడు నాగసతీష్.

"మాడనివ్వండి అల్లుడుగారూ. మీరు రోడ్డు చూడండి," అన్నారు మామగారు చెమట తుడుచుకుంటూ.

చివరి చుట్టులో నీలంకారు పక్కకు వచ్చేసింది.  నాగసతీష్ ఇలవేల్పును తలుచుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని, ఉన్న బొత్తాలన్నీ ఒక్కసారే నొక్కేశాడు.

కళ్ళు తెరిచేసరికి ఎర్రకారు గీత దాటి ఉంది. నీలంకారు వెనకాల వస్తోంది.

"ఒప్పుకున్నానండి బాబూ. ప్రొఫెసరు మీరే," అన్నాడు బెంజమిన్ ఫోన్లోంచి.

రమణి చప్పట్లు కొట్టింది. నాగసతీష్ కాలరు సవరించుకున్నాడు. గెలుపులో సగం డిజైన్‌ది, సగం దాన్ని అర్థం చేసుకున్న చేతిది అని చెప్పి లైవు ముగించాడు. సంతోషం పట్టలేక తెర వైపు తిరిగాడు.

"అత్తయ్యగారూ, మీరూ ఒకసారి పట్టుకుని చూడండి. బొటనవేలు ఎక్కడ పెట్టాలో నేను నేర్పుతాను."

"ఆయ్, నేర్పుదురుగాని బాబూ. ముందు కాళ్ళు కడుక్కుని భోజనానికి లేవండి," అంది తెర వెనక గొంతు.

నాగసతీష్ ఈల వేసుకుంటూ నూతి దగ్గరికి వెళ్ళాడు.

అతను కనుమరుగయ్యేదాకా ఆగి, భవానీదేవి తన కంట్రోలర్‌ని తెర సందులోంచి కూతురికి అందించి, మెటికలు విరుచుకుంటూ, "మీ ఆయన కంట్రోలర్‌ని ఇప్పుడన్నా ఛార్జింగులో పెట్టవే, పొద్దుట్నుంచీ చచ్చి పడుంది," అంది.