పేరంటానికి వెళ్ళిన బొమ్మ

గోడల మీది బొమ్మలు ఇంటింటికీ వెళ్ళిరావడం మామూలయిపోయిన రోజులవి. ఇందుమతి ఇంట్లో నల్ల సిరాతో గీసిన చైనా అమ్మాయి బొమ్మ ఉంది, చేతిలో పూలబుట్టతో. శ్రావణ శుక్రవారం సాయంత్రం ఆ అమ్మాయి పటంలో లేదు. దీపాలు పెట్టాక వచ్చింది.

"ఎక్కడికెళ్ళావే?"

"సువర్చలగారింటికి, పేరంటానికి."

సువర్చలది ఎదురు ఫ్లాటు. ఏడాదిగా మాటల్లేవు.

"పిలవకపోయినా వెళ్ళడానికి సిగ్గులేదూ?"

"పిలవడానికి వచ్చారు. మీరే తలుపు తియ్యలేదు."

ఇందుమతి అప్పుడు చూసింది. నలుపు తప్ప ఇంకో రంగెరగని ఆ బొమ్మ పాదాలకు పచ్చగా పసుపు.

"గోడమీదే రాశారు," అంది అమ్మాయి మురిసిపోతూ. "మీ తాంబూలం మాత్రం నాకివ్వలేదు. మీరొస్తేనే ఇస్తారట."

ఇందుమతి చీర మార్చుకుని వచ్చి, పటం ముందు తచ్చాడింది.

"నువ్వూ రావే. ఒక్కదాన్నే వెళ్ళాలంటే మొహం చెల్లడంలేదు."