తొట్టికి మూత

"లోపలి నుంచి తెరుచుకుంటుందా అల్లుడూ?" అన్నాడు మామగారు.

పికప్ వెనక తొట్టిలో మోకాళ్ళ మీద ఉన్న అల్లుడు తలెత్తాడు. నోట్లో రెండు బోల్టులున్నాయి. వాటిని తీసి జేబులో వేసుకున్నాడు.

"లోపల ఉండేది సోఫా మామయ్యా. అదెందుకు తెరుస్తుంది?"

"పిల్లి దూరిందనుకో."

"పిల్లికి షట్టర్ తియ్యడం వచ్చా?"

"అడిగానంతే. ముప్ఫై ఏళ్ళు బస్సు నడిపాను. అత్యవసర ద్వారం ఒక్కడూ వాడలేదు. అయినా ఉండేది."

అల్లుడు సోఫాలు బాగుచేస్తాడు. ఇంటి వెనక రేకుల షెడ్డులో పాత గుడ్డ చింపి, కొత్త స్పాంజి పెట్టి, పికప్‌లో తీసుకెళ్ళి అప్పజెప్పి వస్తాడు. వాన పడితే స్పాంజి నీళ్ళు తాగేస్తుంది. అందుకే ఈ మూత. చూడ్డానికి దుకాణం షట్టర్‌ని పడుకోబెట్టినట్టుంటుంది. లాగితే తొట్టంతా కప్పేస్తుంది. తిరిగి తోస్తే చుట్టుకుని ముందున్న డబ్బాలోకి పోతుంది.

ఇంట్లో చెప్పిన కారణం అది. అందులో ఒక బొక్క ఉంది. సోఫా తొట్టి కంటే ఎత్తు. సోఫా ఎక్కితే మూత పడదు. ఎవరైనా అడిగితే చెప్పడానికి ఒక జవాబు తయారుచేసి పెట్టుకున్నాడు. ఒక్కరూ అడగలేదు. ఇంత మందకొడి మనుషులతో ఎలా బతుకుతున్నానా అని అతనికి జాలి కూడా వేసింది.

అసలు కారణం, అరగంట.

ఆ ఇంట్లో ఏడుగురు, మూడు గదులు. ఎవరో ఒకరు చూస్తున్నంతసేపూ అతను ఎవరికో ఒకరికి ఏదో ఒకటి. అల్లుడు, మొగుడు, నాన్న, బావ. ఎవరికీ ఏమీ కాకుండా ఉంటే తను ఏమిటో ఒకసారి చూసుకోవాలని అతని కోరిక. బాత్‌రూంలో ప్రయత్నించాడు. మూడో నిమిషానికి తలుపు మీద దరువు. ఈ అరగంట దొరక్కపోతే ఏదో ఒకరోజు భోజనాల దగ్గర గట్టిగా అరిచేస్తానని భయం పట్టుకుంది. ఏమని అరవాలో కూడా తయారుగా ఉంది. అది అరిచాక ఆ ఇంట్లో ఎవరూ ఎవరి మొహమూ చూడలేరు.

తొట్టి రెండు అంచులకీ పట్టాలు బిగించాడు. కుడి పట్టా అర అంగుళం దిగింది. మూత సగంలో బిగుసుకుపోయింది. మళ్ళీ విప్పాడు.

అత్తగారు వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"గాలాడుతుందా? మూసిపెడితే ముక్కిపోయిన కంపు కొడుతుంది."

"మూలల్లో సందులున్నాయి అత్తయ్యా."

ఆవిడ లోపలికెళ్ళి మందపాటి బొంతొకటి పట్టుకొచ్చింది.

"కింద పరుచు. తొట్టికి గీతలు పడతాయి."

"తొట్టి ఇనుమే కదా అత్తయ్యా."

"ఇనుమైతే? దానిది మాత్రం ఒళ్ళు కాదూ!"

అత్తగారితో వాదించి నెగ్గినవాడు ఆ ఇంట్లో ఇంకా పుట్టలేదు. పరిచాడు.

ఆఖర్న భార్య వచ్చింది. మూతని ముందుకీ వెనక్కీ రెండుసార్లు లాగి చూసింది.

"ఏమండీ, ఇది కీచుమంటోంది. పట్టాలకి గ్రీజు రాయండి. పిల్లలు లేస్తారు."

"పగలు పిల్లలు బళ్ళో ఉంటారు కదే."

"ఆదివారాలు రావా? అన్నిటికీ అడ్డు ప్రశ్నలే! డెలివరీలేవో పొద్దున్నే కానిచ్చేసి బండి షెడ్డులో పెట్టండి. ఎండకి అది పెనంలా కాలుతుంది."

గ్రీజు రాశాడు. చివరికి గడియకి లోపలివైపు గట్టి గుడ్డపట్టీ ఒకటి కుట్టాడు. లాగితే గడియ ఊడుతుంది.

"పిల్లి కోసం మామయ్యా," అన్నాడు.

"చాలా మంచి పని చేశావు," అన్నాడు మామగారు. నవ్వలేదు.

మర్నాడు రెండింటికి, భోజనమయ్యాక, సరుకు సర్దాలని చెప్పి వెళ్ళాడు. తొట్టిలోకి ఎక్కి, బొంత మీద వెల్లకిలా పడుకుని, మూత లాక్కున్నాడు. టక్‌మంది. చీకటి. పలకల సందుల్లో దారాల్లాంటి వెలుగు. ఇంట్లో ఎవరో ఎవరినో పిలిచారు. అతన్ని కాదు. తను ఏమిటో చూసుకుందామని వచ్చినవాడు నాలుగో నిమిషంలో గురక పెట్టాడు.

అలా మూడు వారాలు.

ఇల్లు మారింది. మామగారు బస్సు కథలు తగ్గించాడు. అత్తగారు గిన్నెలు మెల్లగా పెడుతోంది. భార్య కూనిరాగాలు తీస్తోంది. ఎవరూ ఎవరి మీదా లేవడం లేదు. తన మనసు కుదుటపడింది కాబట్టే ఇల్లు కుదుటపడిందని అల్లుడు తేల్చుకున్నాడు. ఇన్నాళ్ళూ తెలుసుకోలేకపోయాను గానీ ఈ ఇంటికి ఇరుసుని నేనే అనుకున్నాడు. భోజనాల దగ్గర అరవాల్సిన మాట కూడా మర్చిపోయాడు.

ఆ రోజు సరిగ్గా రెండింటికి ఒక పెద్దమనిషి వచ్చాడు. సోఫాకి ఆకుపచ్చా, బూడిదా అని రెండు గంటలు మథనపడి, ఆలోచించుకుని వస్తానని వెళ్ళిపోయాడు. అల్లుడికి మర్చిపోయిన మాట మళ్ళీ గొంతుదాకా వచ్చింది. గోడ గడియారం నాలుగు దాటింది.

పరుగులాంటి నడకతో షెడ్డుకి వెళ్ళాడు. అటూ ఇటూ చూశాడు. ఎవరూ లేరు. ఒక కాలు బంపర్ మీద వేసి, మూతని బెత్తెడు తోశాడు.

"నీ వంతు రెండింటికి కదా అల్లుడూ," లోపలి చీకట్లోంచి అత్తగారి గొంతు నిద్రమత్తుగా విసుక్కుంది, "మూడు అమ్మాయిది, నాలుగు నాది, అయిదు మీ మామగారిది, మూతెయ్యి!"