జమ్ములో బాతు గూడు

"కదలకు ముత్తమ్మా, నీకు దణ్ణం పెడతాను. ఆ గేదెను కూడా కదలనివ్వకు," అన్నాడు చలపతిరావు పళ్ళ బిగువున.

మెడలో కెమెరాతో మోకాలి లోతు నీళ్ళలో నిలబడి ఉన్నాడాయన. తుర్కపల్లిలో ఓ మందుల ల్యాబులో ఆఫీసరు. వారమంతా కంపెనీ క్యాబులో తిరిగినా, ఆదివారం మాత్రం స్కూటర్ వేసుకుని శామీర్‌పేట అవతలి ఈ కుంటకు రావలసిందే. ముక్కు చివర పసుపు పూసినట్టుండే అడవి బాతు ఇక్కడి జమ్ములో గూడు పెట్టిందని ఆయన నమ్మకం. గుడ్లతో సహా ఫొటో తీసి పక్షుల పత్రికకు పంపాలి. గడువు రేపటితో సరి.

ఇది మూడో ఆదివారం. మొదటి వారం, జమ్ము దాకా చేరీ చేరగానే ముత్తమ్మ బర్రె తప్పిపోయిందని గోల పెట్టింది. గంటన్నర వెతికితే అది కట్ట కింద హాయిగా నెమరేస్తోంది. రెండో వారం నీళ్ళలో పాముందని పైకి లాగింది. ఈ ముసలామెకు తన ఆదివారాలంటే ఎందుకంత పగో ఆయనకు అంతుపట్టలేదు.

"గా బాతు ఫోటువ తీస్తే ఏమొస్తది సారూ?" గడ్డి కోస్తూ అడిగింది ముత్తమ్మ.

"పేపర్లో వస్తుంది. పోయినేడు వేశారుగా, కుంట పేరుతో సహా. ఎంతమంది వచ్చి చూశారో తెలుసా?"

"ఎర్కనే. కార్లేసుకొని మస్తు మంది వచ్చిండ్రు. గా యేడు బాతు పిల్లలే కనవడలే."

"పక్షులన్నాక వస్తాయి, పోతాయి. కాసేపు మాట్లాడకు తల్లీ."

అంతలో జమ్ములోంచి బాతు ఒకటి బయటికొచ్చింది. రెక్క ఈడ్చుకుంటూ, టపటపా నీళ్ళు కొడుతూ అవతలి గట్టు వైపు పోయింది.

"అయ్యో, రెక్కిరిగినట్టుంది సారూ. జల్దీ పోయి పట్టుండ్రి."

చలపతిరావుకు ఆ పూట మొదటిసారి నవ్వొచ్చింది. "ఉత్త నాటకం. వెంటపడితే గూటికి దూరంగా తీసుకుపోయి, ఎంచక్కా ఎగిరిపోతుంది. ఇరవై ఏళ్ళుగా చూస్తున్నాను, నన్ను మోసం చేయడం దాని తరం కాదు. గూడు ఇటే ఉంది."

బాతుకు వీపు తిప్పి జమ్ము పాయలు విడదీశాడు. ఇంకో నాలుగడుగులు.

వెనక ధబ్బుమని చప్పుడైంది.

"అవ్వో, కాలు వోయింది సారూ. లేవనీకొస్తలేదు."

చలపతిరావు కళ్ళు మూసుకున్నాడు. చుట్టుపక్కల నరమానవుడు లేడు. జమ్ము వైపు ఓసారి, ముత్తమ్మ వైపు ఓసారి చూశాడు. ఆయనకు ఏడుపొక్కటే తక్కువ. ఆమెను స్కూటర్ ఎక్కించుకుని శామీర్‌పేట తీసుకుపోయాడు. ఆదివారం కావడంతో డాక్టరు లేడు. కాంపౌండరు కాలు అటూ ఇటూ తిప్పి చూశాడు.

"వాపైతే లేదు."

"లోపట గుంజుతాంది బిడ్డా."

అతను గట్టిగా కట్టు కట్టి పంపాడు. ఆమెను ఇంటి ముందు అరుగు మీద దించేసరికి మబ్బులు కమ్మి తుప్పర మొదలైంది. ఇక వెలుతురూ లేదు, ఫొటో లేదు.

"నా మూలంగ నీ పని కరాబైంది. కోపమొచ్చిందా సారూ?"

"వచ్చింది. మూడు వారాలు, ముత్తమ్మా. గూటికి నాలుగడుగుల దూరంలో ఉన్నాను. నీకు చెప్పినా అర్థం కాదులే." గొంతు కాస్త తగ్గించాడు. "వారం దాకా ఆ కాలు నేల మీద మోపకు."

"అట్లనే సారూ. పైలంగ పో."

నాలుగు తన్నులు తంతే గానీ స్కూటర్ కదల్లేదు. దాన్నీ, కుంటనూ, తన తలరాతనూ కలిపి తిట్టుకుంటూ వెళ్ళిపోయాడు చలపతిరావు.

ఆయన మలుపు తిరగగానే ముత్తమ్మ కట్టు విప్పేసి, కుంట వైపు చకచకా నడిచింది.