మూడు ఎర్ర గిటార్లు

“ఎర్రగా ఉంటుందండీ,” అన్నాడు లిఫ్టు మెకానిక్.

బస్సు డిపోలో పోయిన సామాన్లు భద్రపరిచే గది అది. కౌంటరు వెనక కూర్చున్న క్లర్కు లోపలికెళ్లి, మూడు నల్ల సంచులు మోసుకొచ్చి, వాటిలోంచి మూడు గిటార్లు తీసి బల్లమీద వరసగా పడుకోబెట్టింది. మూడూ ఎర్రవే. మూడింటికీ ముందువైపు తెల్లటి ప్లాస్టిక్ పలక, ఆరేసి తీగలు. కొత్తగా నేర్చుకునే పిల్లలు కొనుక్కునే చవక రకం ఎలక్ట్రిక్ గిటార్లు.

“వీటిలో మీదేది?”

అతను మూడింటినీ మార్చి మార్చి చూశాడు.

“అన్నీ ఒక్కలాగే ఉన్నాయే!”

“చూడ్డానికి అలాగే ఉంటాయి. కంపెనీ పేరు తెలుసా?”

“తెలీదండీ. మా అమ్మాయిది.”

ఆవిడ కళ్లజోడు పెట్టుకుంది. రెండేళ్ల కిందట రంగొక్కటే చూసి ఒకరి గిటారు ఇంకొకరి చేతిలో పెట్టింది. అసలు మనిషి వచ్చి వేసిన కేకలు డిపో అంతా విన్నారు. ఆ తర్వాత, గిటార్లు రిపేరు చేసే తమ్ముడి దగ్గర నాలుగు ఆదివారాలు కూర్చుని, పేరు కనపడకపోయినా ఏది ఏ మోడలో పోల్చుకోవడం నేర్చుకుంది. అప్పట్నించీ గిటారు అనగానే ఒళ్లు దగ్గర పెట్టుకుంటుంది.

“ఫొటో ఉందా?”

అతను ఫోనులో చాలాసేపు వెతికి ఒకటి చూపించాడు. మెట్లమీద కూర్చుని, తల వంచుకుని వాయించుకుంటున్న అమ్మాయి. గిటారు చివర, పేరుండే భాగం ఫొటోలో పడనేలేదు.

“అమ్మాయి బాగా పడిందని తీశానండీ. గిటారు సంగతి చూసుకోలేదు.”

“పోనీలెండి, మిగతా ఒళ్లంతా ఉందిగా.” ఆవిడ కళ్లజోడు సవరించుకుని ఫొటో పెద్దది చేసింది. “ఇక్కడ చూడండి. వైరు గుచ్చే కన్నం మీ అమ్మాయి గిటారుకి ముందువైపే ఉంది. దీనికేమో పక్క అంచులో ఉంది. కాబట్టి ఇది కాదు.”

ఒక గిటారు సంచిలోకి వెళ్లిపోయింది.

“ఇప్పుడు తెల్ల పలక చుట్టూ స్క్రూలు లెక్కపెట్టాలి. ఒకదానికి ఎనిమిది, ఇంకోదానికి పదకొండు. ఫొటోలో మీ అమ్మాయి చెయ్యి అడ్డొచ్చిందే...”

స్క్రూలు అనేసరికి అతనికి ప్రాణం లేచొచ్చింది. ఫోను దగ్గరగా పట్టుకుని, వేలితో దూరాలు కొలిచాడు.

“ఈ కింది అంచునే నాలుగు కనిపిస్తున్నాయండీ. ఎనిమిదైతే ఇంత దగ్గర దగ్గరగా రావు. పదకొండే.”

“భలే పట్టారు! మా తమ్ముడు కూడా అదే అంటాడు. ఇంకొక్క గుర్తు చూద్దాం. గిటారు మెడమీద అడ్డంగా ఉన్న ఈ ఇనప మెట్లలో చివరిది చూడండి, పలక మీదకి కాస్త పొడుచుకొచ్చిందా? అంటే ఇరవైరెండు మెట్లు. దీనికీ అంతే.” ఆవిడ మూడో గిటారును అతని ముందుకు జరిపింది. “ఇదేనండీ మీది.”

అతను దాన్ని వెంటనే ముట్టుకోలేదు. కాసేపు చూసి, తీగలమీద మెల్లగా చెయ్యి ఆనించాడు.

ఆవిడ ఫారం తీసింది. “ఏ బస్సు?”

“పదిహేడో నంబరు. సాయంత్రం ఆరున్నరది. వెనకనించి రెండో సీటు, కిటికీ పక్క. సీటు కింద, గోడవైపు.”

ఇంత వివరంగా చెప్పేవాళ్లు నూటికొకరు కూడా ఉండరు. ఆవిడ ఉత్సాహంగా రాసుకుంది. సంచికి కట్టిన చీటీలో తారీఖు చూసి ఆగింది.

“పన్నెండు రోజులైందే! గిటారు పోతే గంటలో పరిగెత్తుకొస్తారు.”

“డ్యూటీలండీ. పైగా పిల్లకి పరీక్షలు.”

“మరి అమ్మాయిది మీ చేతికెలా వచ్చింది?”

“ఇద్దరం ఒకే బస్సులో వస్తున్నాం. తను ట్యూషన్ దగ్గర దిగిపోతూ ఇంటికి పట్టుకెళ్లమని నాకిచ్చింది. పొద్దస్తమానం దానికిదే లోకం. పుస్తకం తెరిచిన పాపాన పోదు.”

“ఒట్టి చేతులతో వెళ్తే బాగా దులిపేసుంటుంది మిమ్మల్ని!”

“లేదండీ.” అతని గొంతు తగ్గింది. “‘పోనీలే నాన్నా, డబుల్ డ్యూటీ చేసొచ్చావు, కునుకు పట్టేసుంటుంది’ అంది. అన్నం తిన్నావా అని అడిగింది. మర్నాటినించీ ట్యూషన్ అవగానే స్టాపులో నిలబడి, వచ్చిన ప్రతి పదిహేడో నంబరు కండక్టరునీ అడుగుతోంది. నిన్న వానలో ముద్దయి వచ్చింది. ఎవరో ఈ గది గురించి చెప్పారట. పొద్దున్నే బయల్దేరబోతుంటే, నేను వెళ్తాలే అన్నాను.”

ఆవిడకి జాలేసింది. కూతురి వస్తువు పోయిందని మనిషి ఎంత కుంగిపోయాడో ముఖంలోనే తెలుస్తోంది.

“దొరికిందిగా, ఇంకెందుకండీ దిగులు? అలిసిపోయిన మనిషి మర్చిపోవడం వింతేమీ కాదు. ఇక్కడికి గొడుగులే కాదు, కట్టుడు పళ్లు కూడా వస్తుంటాయి!”

ఆవిడ ఫారంలో చివరి గడి నింపుతూ పైకి చదివింది. “పోవడానికి కారణం, మరిచిపోవుట. ఇక్కడ సంతకం పెట్టి తీసుకెళ్లండి.”

అతను పెన్ను అందుకున్నాడు. సంతకం పెట్టాల్సినచోట కాసేపు దాన్ని అలాగే ఆనించి ఉంచాడు. తర్వాత పెన్ను పక్కన పెట్టి, ఫారం ఆవిడవైపు తిప్పాడు.

“ఆ కారణం కొట్టేయండి.”

“ఏం, తప్పు రాశానా?”

“మర్చిపోలేదండీ, వదిలేసి దిగిపోయాను.”