పేర్లు కుట్టిన బొంత

"మీ ఆయన అంగి ఒకటి ఇస్తవా బిడ్డా?"

గుమ్మం బయట నిలబడ్డ ముసలామె మాటకు ప్రమీల చూపు దండెం మీదికి పోయింది.

సూరత్‌లో, తెలుగు నేతపనివాళ్లుండే లింబాయత్ బస్తీలో, కరోనా రెండోసారి విరుచుకుపడిన ఎండాకాలం అది. భర్త పరుశురాం పోయి నెల కూడా కాలేదు. ఆసుపత్రిలో ముఖం కూడా చూపించలేదు. ప్లాస్టిక్‌లో చుట్టి అటునుంచి అటే శ్మశానానికి తీసుకెళ్లారు. అతనివని చెప్పుకోవడానికి దండెం మీది అంగీలే మిగిలాయి.

"ఎవరు నువ్వు? ఆయన అంగి నీకెందుకు?"

"నా పేరు గంగవ్వ. ఈ మధ్యనే లింబాయత్‌కు వచ్చిన, పక్క గల్లీల ఉంట. బొంత కుడుతున్నం."

ఆమె భుజాన పెద్ద సంచి. ముఖానికి మాస్కు. కళ్లు తప్ప ఏమీ కనిపించడం లేదు.

లోపలి నుంచి కొడుకు సుమన్ పరుగున వచ్చాడు.

"అమ్మా, దర్వాజా బంద్ చెయ్! గీమె సచ్చినోళ్ల బట్టలు అడుక్కుంట తిరుగుతున్నదట. మంత్రాలు చేస్తదంటున్నరు."

"మంత్రాలు కావు బిడ్డా. జర నా మాట ఇను..."

"జావ్, జావ్!" సుమన్ ఆమె సంచి పట్టుకుని తోశాడు.

సంచి జారి బట్టలు గల్లీలో పడ్డాయి. నూనె మరకల లుంగీ, తువ్వాల, చిరిగిన బనీను. చూస్తున్న ఇరుగుపొరుగు చప్పున తలుపులు వేసుకున్నారు.

గంగవ్వ వంగింది. ఒక్కో బట్టనూ దులిపి, కళ్లకద్దుకుని, సంచిలో పెట్టుకుంది. వెళ్తూ ప్రమీల వైపు తిరిగింది.

"నిద్ర పడుతున్నదా బిడ్డా?"

ప్రమీల తలుపు మూసేసింది.

నిద్ర ఎక్కడిది? మొగుడు పోయినప్పటి నుంచి ఆమె కంట ఒక్క చుక్క రాలేదు. పొయ్యి మీద గిన్నె పెట్టి మరిచిపోయేది.

సుమన్ పనిలో చేరాక ఆమె భయం రెట్టింపైంది. తండ్రి నడిపిన మగ్గమే కొడుక్కి ఇచ్చాడు మరమగ్గాల కార్ఖానా యజమాని లింగమూర్తి సేఠ్. ఆ షెడ్డు కిటికీలు ఎప్పుడూ మూసే ఉంటాయి. జ్వరం వచ్చినా గోలీ వేసుకుని పని చేయాల్సిందే. అలా చేసినవాళ్లు ఒకరి వెనక ఒకరు పోయారు.

"వాళ్లకు ఇండ్లల్లనే అంటింది. నా కార్ఖానాల ఎవ్వరికీ ఏం కాలే" అనేవాడు సేఠ్.

సుమన్ దగ్గితే చాలు, ప్రమీల ఉలిక్కిపడేది. నుదుటి మీద చెయ్యి పెట్టి చూసేది.

"పోకురా. ఇంట్ల ఉండు."

"ఉంటే ఎట్ల అమ్మా? సేఠ్ ఇంకోన్ని పెట్టుకుంటడు."

ఒక పొద్దున పక్కింటి ఊర్మిళ వచ్చింది. ఆమె భర్తదీ అదే షెడ్డు, అదే చావు.

"అక్కా, పరుశురామన్న అంగి తీస్కొని నాతోని రా."

"యాడికి?"

"గంగవ్వ అర్రకు. నేను గూడ మొదలు తిట్టి ఎళ్లగొట్టిన. ఇప్పుడు దినాం పోతున్న."

ప్రమీల దండెం మీది అంగి తీసుకుని వెంట నడిచింది. ఇరుకు గది. నేలంతా బొంత. చుట్టూ, ఆ షెడ్డులో పనిచేసిన మగవాళ్లను పోగొట్టుకున్న ఆడవాళ్లు. ఒక్కో బట్ట ముక్క మీద ఎర్రదారంతో కుట్టిన ఒక్కో పేరు.

ఎవరూ ప్రమీలను ఓదార్చలేదు. ఒకామె సూదిలో దారం ఎక్కించి చేతికిచ్చింది. పరుశురాం అంగి మీద ఊర్మిళ సుద్దతో పేరు రాసింది. ఆ గీతల వెంట ప్రమీల కుట్టడం మొదలుపెట్టింది. సగం పేరు కుట్టింది. కళ్లు ధారగా కారాయి.

"ముఖం గూడ సూపియ్యలే" అంది. ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి.

పేరు పూర్తయ్యాక తలెత్తింది.

"గంగవ్వ ఏది? కాళ్లు మొక్కాలె."

సూదులన్నీ ఆగిపోయాయి.

"మొన్న పోయింది అక్కా. గీ రోగంతోనే" అంది ఊర్మిళ. "నీకెవరున్నరవ్వా, ఎవరికి కబురు చెయ్యాలె అంటే, మీరే ఉన్నరన్నది. మున్సిపాలిటోళ్లు బండిల తీస్కపోయిన్రు."

గంగవ్వ విడిచి వెళ్లిన పచ్చ చీర గూట్లో ఉంది. అందులోంచి ముక్క కత్తిరించి, ప్రమీలే ఆమె పేరు కుట్టింది.

మర్నాడు ఆడవాళ్లు బొంతను తీసుకెళ్లి కార్ఖానా గేటు ముందు విప్పి పట్టుకున్నారు. లోపల ఒక్కో మగ్గం ఆగింది. సుమన్ బయటికి వచ్చి, తండ్రి పేరు చూసి, తల్లి పక్కన ఒక కొస పట్టుకున్నాడు.

అప్పుడే లింగమూర్తి కారు దిగాడు.

"ఏంది గీ తమాషా?"

ప్రమీల బొంతను ఇంకా పైకెత్తి పట్టింది.

"తమాషా కాదు సేఠ్. వీళ్లందరు మీ కాడ పని చేసినోళ్లే. పేర్లు సదువుండ్రి. కిటికీలు తెరిపియ్యుండ్రి. జరమొచ్చినోన్ని ఇంటికి పంపుండ్రి. నా కొడుకు పేరు నేను కుట్టలేను."

"పోలీసులను పిలుస్త! పక్కకు జరుగుండ్రి!"

బొంతను లాగేయబోయిన అతని చెయ్యి పచ్చ చీర ముక్క మీద ఆగిపోయింది.

"ఈ చీర మీకు యాడిది?"

"గంగవ్వది. గీ బొంత మొదలుపెట్టిందే ఆమె" అంది ఊర్మిళ.

లింగమూర్తి ముఖం పాలిపోయింది.

"కిటికీలు తెరిచేదాంక ఇంట్ల అడుగుపెట్టనని కొట్లాడి పోయింది... ఊరికి పోయిందనుకున్న" అని గొణిగాడు.

తర్వాత, మాస్కులు పెట్టుకున్న ఆ ఆడవాళ్లలో ఒక్కొక్కరి కళ్లలోకీ చూస్తూ అడిగాడు:

"మా అమ్మ ఏది? మీతోని రాలేదా?"