పగులు మీద గాజుపలక

“సంబంధం చూశానంటే ఉలకవు, పలకవు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది!” సున్నం తట్ట దించుతూ అంది అక్క.

తమ్ముడు మేస్త్రి, గోడలోని పగులు వెంట వేలు పోనిచ్చి చూస్తున్నాడు. ఆ పాత రాతి ఆసుపత్రిని హోటల్‌గా మారుస్తున్నారు. పోయినేడు అతని భార్య కన్నుమూసింది ఈ గదిలోనే. అప్పుడూ అతను ఏడవలేదు.

“పోనీ, ఆ పగులన్నా పూడ్చు. సున్నం గట్టిపడిపోతుంది.”

“ఇప్పుడే కాదక్కా.” పగులుకు అడ్డంగా తాను అతికించిన గాజుపలక చూపించాడు. అది రెండు ముక్కలై ఉంది. “పలక పగిలిందంటే గోడ లోపల ఇంకా కదుల్తోందన్నమాట. ఇప్పుడు పూడిస్తే పైకి బాగానే ఉంటుంది. ఆనక పక్కన చీలుతుంది.”

గోడ సంగతే చెప్పాడతను. గొంతులో తడి లేదు.

అక్క పగిలిన పలకనీ, తమ్ముడి ముఖాన్నీ మార్చి మార్చి చూసింది. చూపిద్దామని తెచ్చిన సంబంధం పిల్ల ఫొటో కొంగు కింద దాచి, తట్ట మళ్ళీ నెత్తికెత్తుకుంది.

“ఇంకో పలక అతికించరా. తొందరేముంది!”