గిల్‌క్రిస్ట్ గుట్ట

"ఎఫీ, ముందు వరుసలో ఓ కుర్చీ దులిపి పెట్టు. వచ్చే నెల విందుకి అందులో కూర్చునేది నేనే" అన్నాడు ఆర్చీ గిల్‌క్రిస్ట్.

కిర్క్‌బర్న్ తొలి వలసదారుల సంఘంలో పాత కాగితాలు చూసుకునేది ఎఫీ బెయిన్. ఎవరి ముత్తాత ఏ ఓడ దిగాడో ఆవిడకు నోటికి వచ్చు.

"డైరెక్టరీలు అలా అనడం లేదే!" అంది ఆవిడ.

ఏ ఊళ్లో ఎవరుండేవారో, ఏ పని చేసేవారో ఏటేటా అచ్చేసిన ఆ పాత డైరెక్టరీలే సంఘానికి వేదం. 1860కి ముందు స్కాట్లండ్ నుంచి న్యూజిలాండ్‌లోని ఈ ఒటాగో ప్రాంతానికి వచ్చినవాళ్ల వారసులకే సంఘం ఏటా పెట్టే విందులో ముందు వరుస. గిల్‌క్రిస్టుల పేరు మొదటిసారి కనిపించేది 1881లో. కసాయి కొట్టు, అదీ అద్దెది. ఆర్చీ తాతా తండ్రీ వంటగది తలుపు పక్కనే కూర్చుని, చల్లారిన గొర్రె మాంసపు హాగిస్ తిని వెళ్లిపోయారు. అరవై దాటినా ఆర్చీదీ అదే చోటు. బట్టలుతికి బతికిన మనిషికి మునిమనవరాలైన ఎఫీ ముందు కూర్చుంటే అతనికి కడుపు మండిపోయేది.

"డైరెక్టరీలు ఎవడిక్కావాలి? ఊరవతల గుట్ట పేరేంటి?"

"గిల్‌క్రిస్ట్ గుట్ట."

"మరి! మీ తాతమ్మ పేరు పెట్టలేదుగా?"

ఓ జిరాక్సు కాగితం ఆవిడ ముందు పడేశాడు. సర్వేయర్ ప్రింగిల్ 1857లో రాసుకున్న డైరీలోది. పట్నం మ్యూజియంలో మూడు వారాలు కూర్చుని పట్టాడు.

"ఒక్క పేజీయేనా? ముందూ వెనకా చదివావా?"

"మా పేరున్న పేజీ చాలు. మిగతావాళ్ల సోది నాకెందుకు?"

ఎఫీ కాగితం మీది తేదీ రాసుకుంది. ఆ సాయంత్రమే మ్యూజియానికి ఉత్తరం రాసింది.

ఈలోగా ఆర్చీ ఊరుకోలేదు. 'మా మూలపురుషుడు ఇక్కడే ఒరిగాడు' అని చెక్కించి, గుట్ట మీద నిలువెత్తు రాయి పాతించాడు.

శనివారం విందు. ముందు వరుస అడిగేవాళ్లు తమ ఆధారాన్ని అందరి ముందూ చదివి వినిపించాలి. ఆర్చీ స్కాట్లండ్ మగవాళ్లు కట్టే గళ్ల కిల్టు కొత్తది కట్టుకుని, గొంతు సవరించుకున్నాడు.

"'మంగళవారం. నది పొంగింది. మేమంతా జంకాం. గిల్‌క్రిస్ట్ ఒక్కడే మెడలోతు నీళ్లలోకి దిగాడు. ఒక్క మాట అనడు, విస్కీ ముట్టడు, వానైనా ఆరుబయటే పడుకుంటాడు. మొండికేశాడా, పదిమంది తోసినా కదలడు.' చూశారా, అదీ మా వంశం!"

చప్పట్లు మోగాయి.

"'గుట్ట మీదికి అందరికన్నా ముందు ఎక్కింది వాడే. పైకెక్కి కూలబడ్డాడు. మళ్లీ లేవలేదు. సిగ్గు విడిచి అందరం ఏడ్చాం. గుట్టకు వాడి పేరే పెట్టాం.'"

"అక్కడే పోతే మీరెక్కణ్ణుంచి ఊడిపడ్డారయ్యా?" అన్నారెవరో వెనక నుంచి.

"పెళ్లాం పిల్లల్ని స్కాట్లండ్‌లో వదిలొచ్చి ఉంటాడు! ఆమాత్రం తెలీదా?"

అందరూ నవ్వారు. ముసలి అధ్యక్షుడు మాత్రం కళ్లు తుడుచుకుని, స్వయంగా చెయ్యి పట్టుకుని ఆర్చీని ముందు వరుసలో కూర్చోబెట్టాడు. మూడు తరాల అవమానం తీరింది.

అప్పుడు ఎఫీ కళ్లజోడు పెట్టుకుని లేచింది.

"మ్యూజియం వాళ్లు ఆ తర్వాతి పేజీ కూడా పంపారు ఆర్చీ. చిన్న ముక్కే. చదవనా?"

"చదువమ్మా చదువు! గట్టిగా చదువు, ఆ వంటగది తలుపు దగ్గరోళ్లకి కూడా వినపడాలి" అన్నాడు ఆర్చీ, కాలు మీద కాలు వేసుకుంటూ.

ఎఫీ గట్టిగానే చదివింది.

"'బుధవారం. గిల్‌క్రిస్ట్ మాంసానికి ఉప్పు పట్టించాం, తోలు ఆరబెట్టాం; కాడికి జత పోయిన రెండో ఎద్దు మాత్రం పొద్దుట్నుంచి మేత ముట్టలేదు.'"